సీసాలో పుట్టిన జీవి

పెరంబూరు, చెన్నై

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి నలభై నిమిషాలు మాట్లాడింది. అందులో ముప్పై నిమిషాలు నీ మీద ఫిర్యాదే. "బ్యాంకు పరీక్షలు రాయవే అంటే సముద్రంలో దిగి స్పాంజిలు ఏరుకుంటానంటోంది అక్కా. గిన్నెలు తోముకునే వాటి మీద పీహెచ్‌డీ ఏమిటి? నలుగురికీ ఏమని చెప్పుకోను?" అని ఒకటే గొడవ. నేను ఊ కొడుతూ విన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. నేను సగంలో వదిలేసిన పనిని నలభై ఏళ్ళ తర్వాత మనింటి పిల్లే ఎత్తుకుంటుందని కలలో కూడా అనుకోలేదు. పొద్దున్నే లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. వాట్సాప్‌లో నేను ఇంత కోప్పడలేను.

ముందు మీ అమ్మ సంగతి తేలుద్దాం. మన సుబ్బు బాబాయికి రక్త కేన్సర్ వచ్చినప్పుడు ఎక్కించిన మందుల్లో సైటరబిన్ ఒకటి. 1950ల్లో కరీబియన్ సముద్రపు స్పాంజి ఒకదాంట్లో దొరికిన పదార్థాలే ఆ మందుకి దారి చూపించాయి. రొమ్ము కేన్సర్‌కి ఇచ్చే ఎరిబ్యులిన్ కూడా జపాన్ స్పాంజి ఒకదాని పుణ్యమే. ఈ మాట చెప్తే మీ అమ్మ ఇంక నోరెత్తదు. కానీ ఆ కారణంతోనే వెళ్తున్నానని మాత్రం చెప్పకు. అది అబద్ధం, నీ మొహంలో అబద్ధం నిలవదు.

తెలిసిన సంగతులే గబగబా చెప్పేస్తాను. చేతికి గ్లవ్స్ లేకుండా ఏ స్పాంజినీ ముట్టుకోకు, ముళ్ళు గుచ్చుకుంటే వారం రోజులు మంట. లేబుల్ పెన్సిల్‌తోనే రాయి, పెన్ను ఇంకు స్పిరిట్‌లో కరిగిపోతుంది. అనుమతి కాగితం చేతికి రాకుండా రాతి మీది ముక్క కూడా గీకకు. మా రోజుల్లో అడిగేవాడు లేడు. మన్నార్ సింధుశాఖలోని 21 దీవుల్ని 1986లో నేషనల్ పార్కు చేశారు, 2001లో సున్నపు స్పాంజిల్ని, అంటే ఒంట్లో సున్నపు ముళ్ళుండేవాటిని, చట్టం కింద రక్షిత జాబితాలో చేర్చారు. పాత రిపోర్టులు ముందే చదువుకో. మన మద్రాసు స్పాంజిల మీద ఆర్థర్ డెండీ 1887లోనే రాశాడు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్స్టన్ ఇక్కడ ఏరించినవి చూసి రాసిన రిపోర్టు అది. ఆ తర్వాత పి.ఎ. థామస్ గారు మన్నార్, పాక్ బేల నుంచి 275 జాతుల జాబితా ఇచ్చారు. పని చేసేటప్పుడు ఆయన రాసింది మాత్రం ఎప్పుడూ నీ పక్కనే ఉండాలి.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. ఇది మీ అమ్మకి కూడా తెలీదు.

1985లో నేను ఎం.ఫిల్ చేస్తూ జార్జిటౌన్‌లో మేడ మీద గదిలో ఉండేదాన్ని. కింద కంసాలి కొట్టు, మన తెలుగు ఆచారి గారే. పొద్దున్నే అయిదింటికి కాసిమేడు వెళ్ళి, పడవలవాళ్ళు వలలోంచి చెత్త అని గట్టు మీద పారేసినవి ఏరుకొచ్చేదాన్ని. ఒకరోజు తిరిగొస్తూ రాయపురం ఒడ్డున, అలల కోతకి అడ్డంగా వేసిన రాళ్ళ దగ్గర ఆగాను. నీళ్ళు బాగా తీసి ఉన్నాయి. ఒక రాయి కింద, నీడలో, బొటనవేలి గోరంత తెల్లటి గొట్టాల గుత్తి కనబడింది. మల్లెమొగ్గలు కట్టినట్టుంది. బ్లేడుతో మొత్తం గీకి జాం సీసాలో వేశాను. గదికొచ్చి, కుళ్ళకుండా ఉండాలని ఫార్మాలిన్ పోసి మూత బిగించాను. ఏ రాయి, ఎంత నీడ, పక్కన ఏమున్నాయి, ఒక్క ముక్క రాసుకోలేదు. ఆకలేస్తోంది మరి.

తర్వాత నాకు పెళ్ళిచూపులు మొదలయ్యాయి. రెండుసార్లు ఊరెళ్ళొచ్చాను. అయిదు నెలల తర్వాత ఆ సీసా తీసి, ముక్క కోసి, స్లైడ్ చేసి మైక్రోస్కోప్ కింద పెట్టాను. కంటకాలు, అదే స్పాంజి ఒంట్లో ఉండే సన్నటి ముళ్ళు, లేవు. ఒక్కటీ లేదు! మిగతావాటిలో ఉండే పీచు కూడా లేదు. ఇంకో ముక్క కోశాను, మళ్ళీ అదే. పుస్తకాలన్నీ తిరగేశాను. పైకి చూస్తే సున్నపు స్పాంజి, లోపల చూస్తే కంటకాలే లేవు. ఇలాంటిది ఎవరూ రాయలేదు. ఆ రాత్రి నాకు పట్టిన పిచ్చి చెప్తే నవ్వుతావు. తెల్లవార్లూ మీ తాతయ్య పేరుని లాటిన్‌లో ఎలా తిప్పాలా అని కాగితాలు నింపాను. పొద్దున్నే ఆయనకి ఉత్తరం రాసి పడేశాను. "నాన్నా, ప్రపంచంలో ఎవరూ చూడని జీవి ఒకటి నాకు దొరికింది, దానికి నీ పేరు పెడుతున్నాను" అని. ఆయన ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని పోస్టుమాస్టరు దగ్గర్నుంచి బస్టాండులో సోడా కొట్టువాడి దాకా అందరికీ చదివి వినిపించాడట. బూందీ పంచాడట.

వారం తర్వాత మా గైడు గారికి చూపించాను. ఆయన స్లైడ్ వైపు చూడనే లేదు. "దేంట్లో ఉంచావు?" అన్నారు. ఫార్మాలిన్ అన్నాను. "ఇంకేం కలిపావు?" నీళ్ళు అన్నాను. సొరుగులోంచి నీలం లిట్మస్ కాగితం ఒకటి తీసి సీసాలో ముంచారు. ఎర్రబడింది. ఆయన కోప్పడలేదు, కోప్పడినా నయమయ్యేది. మెల్లిగా అన్నారు, "అమ్మా, నీ కొత్త జీవి సముద్రంలో పుట్టలేదు. ఈ సీసాలో పుట్టింది."

అర్థమైందిగా. ఫార్మాలిన్ నిలవుంటే యాసిడ్ తయారవుతుంది. గాజుజాతి కంటకాలకి ఏమీ కాదు, సున్నపు కంటకాలు మాత్రం నెలల్లో కరిగిపోతాయి. అలా కాకుండా ఉండాలంటే కాస్త బోరాక్స్ కలపాలి. బోరాక్స్ అంటే మన వెలిగారమే. నా గది కింద కొట్టులో ఆచారి గారు రోజూ అతుకులు వేసే వెలిగారం! మెట్లు దిగి చిటికెడు అడిగితే ఇచ్చేవారు.

ఆ మధ్యాహ్నమే పరిగెత్తుకుంటూ రాయపురం వెళ్ళాను. లారీలు కొత్త రాళ్ళు పోసి వెళ్ళాయి. నా రాయి ఎక్కడుందో ఆనవాలు దొరకలేదు. మర్నాడూ వెళ్ళాను, ఆ పై ఆదివారమూ వెళ్ళాను. అది అందరికీ తెలిసిన మామూలు జాతో, నిజంగానే ఎవరూ చూడనిదో నాకు ఈ రోజుకీ తెలీదు. తెలుసుకునే దారి నేనే మూసేశాను. సగం ముక్క వేరే సీసాలో ఉంచినా, నీడలో ఉన్న రంగు రాసుకున్నా, ఆ రాయికి గుర్తు పెట్టుకున్నా ఏదో ఒకటి మిగిలేది.

అసలు తప్పు ఆ తర్వాత చేశాను. ఆ ఏడాది సంక్రాంతికి ఊరెళ్తే మీ తాతయ్య బస్టాండుకి వచ్చాడు. సోడా కొట్టువాడికి నన్ను చూపించి "ఈ అమ్మాయేరా" అన్నాడు. నేను నోరు తెరవలేకపోయాను. రాత్రి చెప్దామనుకున్నాను, మర్నాడు చెప్దామనుకున్నాను. 1999లో పోయేదాకా ఆయన వచ్చినవాళ్ళందరికీ ఆ కథ చెప్తూనే ఉన్నాడు. నేను పక్కన కూర్చుని కాఫీలు ఇస్తూనే ఉన్నాను. అందుకే చెప్తున్నా, నీకేదైనా కొత్తది దొరికిందనిపిస్తే ఆ రాత్రి మీ నాన్నకి మెసేజ్ పెట్టకు. మీ నాన్న కూడా బూందీ పంచే రకమే.

కాబట్టి ఇలా చెయ్యి. నీళ్ళలో ఉండగానే స్కేలు పక్కన పెట్టి ఫోటో తియ్యి. రంగు, పట్టుకుంటే మెత్తనో గట్టో, జిగురు, వాసన, అన్నీ అక్కడికక్కడే రాయి. స్పిరిట్‌లో పడగానే అన్ని స్పాంజిలూ ఒకే మట్టిరంగుకి వచ్చేస్తాయి. మొత్తం కోసెయ్యకు, వేలెడు ముక్క చాలు, మిగతాది మళ్ళీ పెరుగుతుంది. ఇప్పుడు మీరంతా డీఎన్ఏ అంటారు గనక ఫార్మాలిన్ జోలికే వెళ్ళవు, 95 శాతం ఇథనాల్‌లోనే వేస్తావు. మంచిదే. కానీ స్పాంజి ఒంటినిండా నీళ్ళే, ఆ నీళ్ళు ఇథనాల్‌ని పలచన చేసేస్తాయి. మర్నాడు పారబోసి కొత్తది పొయ్యి. ఈ పని మర్చిపోయినవాళ్ళ సీసాలు కుళ్ళిపోవడం నేను ముక్కుతో చూశాను. కంటకాలు విడదీయడానికి బట్టలకి వాడే బ్లీచ్ చాలు. మేం నైట్రిక్ యాసిడ్‌లో ఉడకబెట్టేవాళ్ళం, ఆ పొగలకి పట్టిన దగ్గు నాకు చలికాలంలో ఇంకా పలకరిస్తుంది. కడిగేటప్పుడు కంటకాలు అడుగున దిగేదాకా ఆగు. తొందరపడి వంచావా, చిన్న కంటకాలన్నీ తూములోకి పోతాయి. జాతి తేల్చేది చాలాసార్లు ఆ చిన్నవే. సున్నపుదని అనుమానం వస్తే ముక్క మీద ఒక చుక్క వెనిగర్ వేసి చూడు, బుడగలొస్తాయి. బ్లీచ్ దాన్నేమీ చెయ్యదు, యాసిడ్ మటుకు మింగేస్తుంది.

నువ్వు జాతుల లెక్కతో ఆగకుండా సముద్రపు అడుగు మొత్తం చదువుతానన్నావని విన్నాను. అది నాకు బాగా నచ్చింది. వలలో వచ్చినదానికి ఊరూ పేరూ ఉండవు చిన్నీ. రాయి మీదుందో, పగడాన్ని కప్పేస్తోందో, ఇసకలో దొర్లుతోందో వల చెప్పదు. పైగా ఆ వలే అడుగునంతా గీరుకుంటూ పోతుంది. నేనొకసారి పిడికెడు స్పాంజిని కోస్తే లోపల్నుంచి నక్షత్ర చేపల్లాంటి బ్రిటిల్ స్టార్లు పదిహేడు, బియ్యపుగింజంత రొయ్యలు బయటికొచ్చాయి. అవి నా సబ్జెక్టు కాదని సింకులో కడిగేశాను. నువ్వు కడగకు. నీళ్ళలో కరిగి ఉన్న, మిగతా జీవులకి అందని ఆహారాన్ని పగడపు దిబ్బల మీది స్పాంజిలు పీల్చి, తమ కణాల్ని రాల్చి, ఆ రాలిన తునకలతో పీతలకీ నత్తలకీ తిండి పెడతాయని 2013లో తేల్చారు. నా సింకులో పోయిన పదిహేడూ ఎవరింట్లో భోంచేస్తున్నాయో అప్పుడు తెలిసింది నాకు. మీ పూజగదిలో శంఖం మీద పిన్నుతో పొడిచినట్టు చిల్లులుంటాయి చూడు. అది క్లయోనా అనే స్పాంజి తొలిచిన పని. మీ అమ్మకి చూపించు, స్పాంజి గిన్నెలే తోముతుందనుకుంటోంది.

ఇక నీళ్ళు. దీని గురించి నేను సబబుగా మాట్లాడలేను, అయినా విను.

1977 నవంబరు 19. దివిసీమ ఉప్పెన. నాకు పదహారేళ్ళు, మీ అమ్మకి మూడు. మర్నాడు పొద్దున మీ తాతయ్య మమ్మల్ని గోడ పక్కన వరసగా నిలబెట్టి లెక్కపెట్టాడు. అయిదుగురం. మళ్ళీ లెక్కపెట్టాడు. మీ అమ్మ ఆయన భుజం మీదే ఉంది, రెండుసార్లూ దాన్ని వేలితో తాకి మరీ లెక్కపెట్టాడు. పక్కింటివాళ్ళు లెక్క పెట్టుకోవడానికి ఎవరూ మిగల్లేదు.

అందుకని నవంబర్లో ఫీల్డ్‌వర్క్ పెట్టుకోకు. మీ ప్రొఫెసరు పెట్టుకోమన్నా నసుగు. ఎలాగూ ఈశాన్య రుతుపవనాల్లో నీళ్ళు కలకబారి ఏమీ కనబడదు, ఆ సాకు చెప్పు. పడవ ఎక్కేటప్పుడు మనుషుల్ని లెక్కపెట్టు, డైవ్ అయ్యాక మళ్ళీ లెక్కపెట్టు, పేరు పిలిచి పలికించు. పడవ సరంగు ఇవాళ వద్దంటే వద్దనే అర్థం, అతనికి డిగ్రీ లేకపోతేనేం. ఒంటరిగా దిగకు. పైకొచ్చేటప్పుడు తొందరపడకు. అన్నిటికంటే ముఖ్యం, తూత్తుకుడిలో పొద్దున డైవ్ చేసి సాయంత్రం ఫ్లైట్ ఎక్కకు. డైవింగ్ నేర్పేవాళ్ళు 18 గంటలు ఆగమంటారు, నేను 24 అంటాను. రాత్రి పర్ల్ సిటీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకో, పొద్దున ఎగ్మోరులో దిగుతావు, నేను ఇడ్లీ పెడతాను. ఫెలోషిప్పు డబ్బులు చాలకపోతే టికెట్టు నేను కొంటాను. ఈ విషయంలో వాదించకు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఇక్కడ ట్రాలర్లు బయటికి వెళ్ళవు. కాసిమేడులో ఏమీ దొరకదు గనక ఆ రెండు నెలలూ కూర్చుని స్లైడ్లు చూసుకో. కళ్ళద్దాలు మార్పించుకున్నావా?

గది ఊడ్పించి ఉంచాను. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో రా, సామాను మోసుకుంటూ బస్సులు మారకు. మీ అమ్మని కూడా తీసుకురా, ఒక పొద్దున్న కాసిమేడు చూపిస్తాను. ముక్కు మూసుకుంటుంది, మూసుకోనీ. మీ తాతయ్య సంగతి దానికి నేనే చెప్తాను, నువ్వు చెప్పకు.

ఆ జాం సీసా ఇంకా నా దగ్గరే ఉంది. లోపలిది ఎప్పుడో పారబోసి కడిగేశాను. ఇన్నాళ్ళూ అందులో వెలిగారం పోసి ఉంచాను, ఎందుకో నాకే తెలీదు. నీకు పనికొస్తే తీసుకో. మూత ఇప్పటికీ గట్టిగా పడుతుంది, ఒక్క చుక్క కారదు.

పెద్దమ్మ