ఫీజా, పాయింట్లా? ఒక రాక్ మిక్సింగ్ ఇంజనీర్ డబ్బు లెక్కలు

ప్రశ్న: నా వయసు 31. సికింద్రాబాద్ సైనిక్‌పురిలో అద్దె ఇంట్లో ఉంటాం. ఫ్రీలాన్స్ మిక్సింగ్ ఇంజనీర్‌ని, అంటే విడివిడిగా రికార్డు చేసిన గొంతు, వాయిద్యాల ట్రాకులను కలిపి పాటగా తీర్చేవాణ్ని. పని ఎక్కువగా రాక్, మెటల్ బ్యాండ్లకే. పాటకు 12 వేలు తీసుకుంటాను. నిరుడు మొత్తం 14 లక్షలు వచ్చాయి, సగానికి పైగా అమెరికా, జర్మనీల్లోని చిన్న బ్యాండ్ల నుంచి. పనికి అయిన ఖర్చులు 2.5 లక్షలు. ఒక నెల రెండున్నర లక్షలు వస్తాయి, తర్వాత రెండు నెలలు పైసా రాదు. నా భార్య టీచర్, జీతం 35 వేలు. నాలుగేళ్ల పాప. ఇంటి ఖర్చు 75 వేలు. బ్యాంకులో 3.2 లక్షలు ఉన్నాయి. మానిటర్ స్పీకర్లు కొన్న క్రెడిట్ కార్డు బాకీ 1.8 లక్షలు ఉంది. 15 వేల సిప్ రెండుసార్లు బౌన్స్ అయింది. ఇప్పుడు బెంగళూరు బ్యాండ్ ఒకటి పది పాటల ఆల్బమ్ ఇస్తానంటోంది. ఫీజు లేదట, ఆదాయంలో 3 శాతం పాయింట్లు ఇస్తారట. ఒప్పుకోమంటారా? గది ట్రీట్‌మెంట్‌కీ (గోడల ప్రతిధ్వని తగ్గించే ఏర్పాట్లు), అనలాగ్ గేర్‌కీ (కంప్యూటర్ బయట వాడే మిక్సింగ్ పరికరాలు) 9 లక్షల పర్సనల్ లోన్ తీసుకోవచ్చా? ఇన్సూరెన్సు, పన్నుల గురించి కూడా చెప్పండి.

జవాబు: ముందు పాయింట్ల సంగతి చూద్దాం, ఎందుకంటే ఆ బ్యాండ్ మీ జవాబు కోసం ఎదురు చూస్తూ ఉంటుంది.

మీ రేటు ప్రకారం పది పాటలకు 1.2 లక్షలు రావాలి. 3 శాతం వాటాలో అంత డబ్బు రావాలంటే ఆ ఆల్బమ్ 40 లక్షలు సంపాదించాలి. అదీ మొత్తం ఆదాయంలో 3 శాతమైతే. రికార్డింగ్, వీడియో, పబ్లిసిటీ ఖర్చులన్నీ తీసేశాక మిగిలిన దాంట్లో 3 శాతం అన్నారంటే ఆ మిగులు ఎప్పుడు వస్తుందో ఆ బ్యాండ్‌కే తెలియదు. పైగా స్పాటిఫై 2024 నుంచి ఏడాదిలో వెయ్యి స్ట్రీములు కూడా రాని పాటకు రికార్డింగ్ రాయల్టీ ఇవ్వడం లేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది ఈ ఒప్పందం.

ఇంకో విషయం. మన కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ పాట రాసినవారికీ, స్వరం కట్టినవారికీ రాయల్టీ హక్కును గట్టిపరిచింది. పాడినవారికి వేరే హక్కు ఉంది. మిక్స్ చేసినవారికి చట్టం ఏమీ ఇవ్వలేదు. అంటే మీ 3 శాతం పూర్తిగా ఆ కాగితం మీద ఏం రాసుకున్నారన్న దాని మీదే నిలుస్తుంది. బ్యాండ్ విడిపోతే ఆ కాగితం పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్తారు? నలుగురు సభ్యులు నాలుగు ఊళ్లలో ఉంటారు, డిస్ట్రిబ్యూటర్ ఖాతా పాస్‌వర్డ్ మానేసిన బేసిస్టు దగ్గర ఉంటుంది.

అమెరికా రికార్డింగ్ ఇంజనీర్ స్టీవ్ అల్బీనీ సంగతి మీకు నాకంటే బాగా తెలిసి ఉంటుంది. 1993లో వచ్చిన నిర్వాణా బ్యాండ్ ఆల్బమ్‌కు ఆయన లక్ష డాలర్లు ఒకేసారి ఫీజుగా తీసుకుని రాయల్టీ వద్దన్నాడు. వద్దనడం ఆయనకు నైతికమైన విషయం, ఇంజనీర్ బ్యాండ్ సంపాదనలో వాటా తినకూడదని. మీ విషయంలో కారణం అంత గొప్పది కానక్కర్లేదు. ఇంటి అద్దె నెలనెలా కట్టాలి, పాయింట్లు ఎప్పుడో వస్తాయి. అంతే.

అయినా ఆ బ్యాండ్ పాటలు మీకు నిజంగా నచ్చాయా? అయితే కాదనకండి, బేరం ఆడండి. పది పాటలకు 80 వేలు ఫీజు, సగం పని మొదలయ్యే ముందు, మిగతాది ఫైనల్ ఫైళ్లు చేతికిచ్చే ముందు. ఆపైన 1 శాతమో 2 శాతమో పాయింట్లు ఇస్తే సంతోషం, దాన్ని లెక్కల్లో సున్నాగా రాసుకోండి. రెండు రివిజన్లు ఫీజులోనే, మూడోదానికి వేరే డబ్బు. స్టెమ్స్ (డ్రమ్స్, గిటార్లు, గొంతు ఇలా విడివిడి ఫైళ్లు) అడిగితే వేరు. డ్రమ్ ఎడిటింగ్, గొంతు ట్యూనింగ్ మిక్సింగ్ కిందకు రావు, వాటికీ వేరే రేటు రాయండి. రాక్ పాటలో డ్రమ్స్‌కే పన్నెండు పదహారు ట్రాకులు ఉంటాయి. వాటిని సర్దడంలో పోయిన రోజును మీలాంటి వాళ్లు ఎప్పుడూ లెక్కేసుకోరు. పాటకు ఇరవై గంటలు పడుతుంటే మీ 12 వేలు గంటకు 600 అవుతుంది. అందులోంచి కరెంటు, ప్లగిన్లు (మిక్సింగ్ సాఫ్ట్‌వేర్లు), అద్దె పోవాలి. ఇన్వాయిస్ బ్యాండ్ పేరు మీద కాకుండా అందులో ఒక మనిషి పేరు మీద ఇవ్వండి.

అమెరికా బ్యాండ్లతో పనిచేసేటప్పుడు మాత్రం పాయింట్లకు కొంచెం అర్థం ఉంది. అక్కడ 2018లో వచ్చిన చట్టం ప్రకారం కళాకారుడు లెటర్ ఆఫ్ డైరెక్షన్ అనే అనుమతి పత్రం ఇస్తే, డిజిటల్ రేడియో రాయల్టీలో అతని వాటా నుంచి కొంత మిక్సర్‌కు సౌండ్ ఎక్స్ఛేంజ్ అనే రాయల్టీ వసూలు సంస్థ నేరుగా చెల్లిస్తుంది. అడిగి పెట్టుకోవడంలో ఖర్చేమీ లేదు.

ఇక లోన్. వద్దు. 9 లక్షలు 14 శాతం వడ్డీకి అయిదేళ్లకు తీసుకుంటే వాయిదా నెలకు 21 వేలకు కొంచెం తక్కువ, వడ్డీయే మూడున్నర లక్షలు దాటుతుంది. పైసా రాని నెలల్లో ఆ 21 వేలు ఎక్కడి నుంచి తెస్తారు? పైగా అద్దె ఇల్లు. గోడలకు బిగించిన ట్రీట్‌మెంట్ ఇల్లు మారేటప్పుడు వెంట రాదు. చెక్క ఫ్రేముల్లో రాక్‌వూల్ (శబ్దాన్ని పీల్చే పీచు) పెట్టి, పైన బట్ట చుట్టి, నిలబెట్టుకునే ప్యానెళ్లు మీ వీధి వడ్రంగి చేత చేయించుకోండి. అనలాగ్ గేర్ మీద మోజు నాకు అర్థమవుతుంది కానీ, జర్మనీ వాళ్లు అర్ధరాత్రి మెయిల్ పెట్టి స్నేర్ డ్రమ్ కాస్త తగ్గించమంటే సెషన్ తెరిచి పది నిమిషాల్లో పంపగలగడమే మీ వ్యాపారం. పాతకాలపు నీవ్ కంపెనీ మిక్సింగ్ కన్సోళ్ల మీద పనిచేసిన పేరున్న మిక్సర్ ఆండ్రూ షెప్స్ అంతటివాడే ఇప్పుడు కంప్యూటర్లోనే మిక్స్ చేస్తున్నాడు.

కార్డు బాకీ మీద నెలకు మూడున్నర శాతం పడుతుందనుకుంటే 6,300 రూపాయలు ఊరికే పోతున్నాయి. బ్యాంకులో 3.2 లక్షలు పెట్టుకుని ఈ వడ్డీ కట్టడం ఏమిటండీ? రేపే 1.8 లక్షలు కట్టేయండి. మిగిలే 1.4 లక్షలతో రెండో ఖాతా తెరవండి. బ్యాండ్ల డబ్బంతా అందులోకే రావాలి. అక్కడి నుంచి ప్రతి నెలా ఒకటో తారీఖున 50 వేలు ఇంటి ఖాతాకు జీతంలా పంపుకోండి. మీ ఆవిడ 35 వేలతో కలిపి 85 వేలు. ఇల్లు గడిచి ఇన్సూరెన్సు ప్రీమియాలకు 10 వేలు మిగులుతాయి. ఖర్చులు పోగా మీ సగటు సంపాదన నెలకు 95 వేలకు పైనే, కాబట్టి ఆ ఖాతాలో నెలకు 45 వేల దాకా మిగలాలి. అది 3 లక్షలు అయ్యేవరకు, అంటే ఆరు నెలల జీతం చేరేవరకు, నెలనెలా పంపుకునే ఆ జీతానికి తప్ప దాన్ని దేనికీ ముట్టుకోవద్దు. అప్పటిదాకా 15 వేల సిప్‌ను 3 వేలకు తగ్గించండి. ఆ తర్వాత మంచి నెలల్లో అదే ఫండ్‌లో ఒకేసారి ఎక్కువ వేసుకోవచ్చు.

ఇన్సూరెన్సు దగ్గర నేను మిమ్మల్ని కాసేపు ఆపాలి. కోటి రూపాయల టర్మ్ పాలసీ, ముగ్గురికీ కలిపి 10 లక్షల ఆరోగ్య బీమా తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. ఇవి ఎవరికైనా చెప్పేవే. మీకు అసలు కావలసింది చెవుల బీమా, అది మాత్రం దొరకదు. క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీల్లో చెవుడు ఉంటుంది కదా అంటారేమో. ఆ నిర్వచనం చదవండి: రెండు చెవుల్లోనూ, అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ, 90 డెసిబెల్స్‌కు మించి, ఇక తిరిగి రాని వినికిడి నష్టం ఉండాలి. అంటే పూర్తిగా చెవుడు రావాలి. మీ వృత్తి అంతకు చాలా ముందే ఆగిపోతుంది. పెద్ద శబ్దాల వల్ల వినికిడి ముందుగా తగ్గేది 4 కిలోహెర్ట్జ్ దగ్గర, గిటార్ల అంచు, గొంతులో స్పష్టత ఉండే చోటుకు పక్కనే. అక్కడ 30 డెసిబెల్స్ పోయినా పక్కవాళ్లతో మాట్లాడటానికి ఇబ్బంది పెద్దగా ఉండదు, పాలసీ నుంచి పైసా రాదు, మిక్స్ మాత్రం తప్పుతుంది. ప్రమాద బీమా కూడా యాక్సిడెంట్ వల్ల పోయిన దానికే, ఏళ్ల తరబడి అరిగిపోయిన దానికి కాదు.

కాబట్టి ఆ బీమా మీరే కట్టుకోవాలి. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు సమయం సగం. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెప్పే హద్దు ఇది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ హోరులో పావుగంటే. బ్యాండ్ల ప్రాక్టీసుకూ, షోలకూ ఇయర్‌ప్లగ్స్ లేకుండా వెళ్లకండి. ఏడాదికోసారి ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయించి రిపోర్టులు దాచండి. వీటిని ఖర్చుల పట్టికలో రాసుకోండి.

డబ్బు వైపు నుంచి చూస్తే, మీరు 60 ఏళ్ల దాకా మిక్స్ చేస్తారన్న లెక్కతో ప్లాన్ వేయను. 46 అనుకుంటాను. అందుకే మీకు ఎన్‌పీఎస్ (జాతీయ పెన్షన్ పథకం) కంటే పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్) నయం. ఎన్‌పీఎస్ వృద్ధాప్య పెన్షన్ కోసం పెట్టింది. పీపీఎఫ్ ఇప్పుడు మొదలుపెడితే మీకు 46, 47 వచ్చేసరికి ముగుస్తుంది, వడ్డీ 7.1 శాతం, దాని మీద పన్ను లేదు. ఆ 3 లక్షల నిల్వ నిండాక ప్రతి ఇన్వాయిస్‌లో పదో వంతు అందులో వేయండి, ఏడాదికి 1.5 లక్షలు గరిష్ఠం. ఇంకోటి, ఓటీటీల డైలాగ్ ఎడిటింగ్ లాంటి పని ఇప్పుడే కొంత నేర్చుకోండి. హైదరాబాద్‌లో ఉన్నారు, సినిమా, వెబ్ సిరీస్‌ల పని చుట్టూ ఉంది. అది రాక్ కాదని ముఖం ముడుచుకుంటారని తెలుసు.

పన్ను మాట త్వరగా చెబుతాను, ఎందుకంటే మీకు పెద్దగా లేదు. రాబడిలో సగమే ఆదాయంగా చూపించే ఊహాజనిత పన్ను విధానం, పాత చట్టంలో 44ఏడీఏ, కొన్ని నిర్దిష్ట వృత్తులకే. మిక్సింగ్ ఆ జాబితాలో నేరుగా లేదు. సినిమాకు పనిచేసే సంగీత దర్శకుడు, ఎడిటర్ ఉన్నారు గానీ బ్యాండ్లకు మిక్స్ చేసేవారు లేరు. సాంకేతిక సలహా కిందకు వస్తుందని కొందరు వాదిస్తారు. మీకా గొడవే అక్కర్లేదు. అసలు ఖర్చులు తీసేస్తే ఆదాయం 11.5 లక్షలు, కొత్త విధానంలో 12 లక్షల దాకా రిబేటు ఉంది. ఫండ్లు అమ్మిన లాభాల లెక్క మాత్రం వేరు. సగం లెక్కన ఏడు లక్షలే చూపిస్తే రేపు హోమ్ లోన్‌కు బ్యాంకు కూడా ఏడే చూస్తుంది. బిల్లులన్నీ దాచి, పుస్తకాలు రాసి, నిజమైన అంకె చూపండి.

విదేశీ రాబడితో కలిపి ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. విదేశీ పని ఎగుమతి కాబట్టి ఎల్‌యూటీ అనే హామీ పత్రం దాఖలు చేస్తే దాని మీద పన్ను పడదు. ప్రతి చెల్లింపుకూ బ్యాంకు ఇచ్చే విదేశీ రెమిటెన్స్ పత్రం భద్రపరచండి, అది లేకుండా ఎగుమతి అని నిరూపించడం కష్టం. అమెరికా లేబుల్ ఏదైనా డబ్ల్యూ 8 బెన్ ఫారం అడిగితే కంగారుపడకండి. మీరు అమెరికా పౌరుడో నివాసో కాదని చెప్పే కాగితమే అది; పని ఇండియాలో కూర్చుని చేస్తున్నారు కాబట్టి అక్కడ పన్ను కోయకూడదు. నింపి పంపండి, మూడేళ్లకోసారి కొత్తది ఇవ్వాల్సి ఉంటుంది.