మాత్ర వేసుకుంటే వేళ్లు మొరాయిస్తాయా?

ప్రశ్న: టెన్షన్ తగ్గడానికి డాక్టర్ లోరాజెపామ్ రాశారు. ఈమధ్యే కీబోర్డు వాయించడం మొదలుపెట్టాను. నిన్న వచ్చిన ముక్క ఇవాళ చేతికి రావడం లేదు. మాత్ర వల్లేనా?

జవాబు: అయ్యుండొచ్చు. మెదడులో గాబా అనే రసాయనం నరాల కణాల జోరుకు కళ్లెం వేస్తుంది. లోరాజెపామ్, డయజెపామ్ లాంటివి దాన్ని ఇంకాస్త బిగిస్తాయి, అందుకే గుండెదడ, కంగారు తగ్గుతాయి. చిక్కంతా ఏమిటంటే, చేతికి కొత్త పని అలవాటయ్యేటప్పుడు కదలికలను నడిపే మోటార్ కార్టెక్స్‌లో గాబా ప్రభావం కాస్త సడలాలి, అప్పుడే కణాల మధ్య కొత్త లంకెలు కుదురుతాయి, మాత్ర సరిగ్గా అక్కడే అడ్డం పడుతుంది. మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీ పరీక్ష తీస్తే, బీటా అనే వేగమైన తరంగాలు ఈ మాత్ర వల్ల పెరిగినట్టు కూడా కనిపిస్తుంది. ముందే వచ్చిన విద్య ఎక్కడికీ పోదు లెండి, కాకపోతే వేళ్లు కాస్త మందంగా కదలొచ్చు. డోసును బట్టి, వేసుకున్న వేళను బట్టి ఇది మారుతుంది కాబట్టి సాధన ఎప్పుడు పెట్టుకోవాలో మీ డాక్టర్నే అడగండి. ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందులు (టెన్షన్‌కు, డిప్రెషన్‌కు రాసే మరో రకం మాత్రలు) పనిచేసే దారి వేరు, వాటికీ ఇదే లెక్క వేయకండి. అన్నట్టు, కీబోర్డు కోసమని రోజూ వేసుకునే మాత్రను టక్కున మానేశారనుకోండి, నిద్ర పట్టకపోవడం, వణుకు, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చు. మానాలంటే డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.