రొయ్యకి క్వాంటం డాట్స్ ఇచ్చి యూవీ లైటు కింద చూస్తే మందు ఎక్కడుందో తెలుస్తుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: ఎమ్మెస్సీ ప్రాజెక్టులో మేతతో ఇచ్చిన మందు వనామి ఒంట్లో ఎక్కడ చేరుతుందో చూడాలి, దానికి ఎర్రగా వెలిగే క్వాంటం డాట్స్ (కాంతి పడితే రంగులో మెరిసే, కొన్ని నానోమీటర్ల సైజు కణాలు) తగిలించి యూవీ కింద ఫోటో తీస్తే చాలా అని.

చాలదండి. వెలుగు కనిపించడం కష్టమేం కాదు, అది మీ కణాలదేనా అన్నదే తలనొప్పి.

నాది భీమవరం వైపు, ఇంట్లో చెరువులున్నాయి. పీహెచ్‌డీ మాత్రం హైదరాబాద్‌లో, చిట్టెలుకల మీద. అక్కడ మొదట నేర్పింది కణాల గురించి కాదు, మేత గురించి. మామూలు ఎలుక మేతలో అల్ఫాల్ఫా గడ్డి ఉంటుంది, అందులోని క్లోరోఫిల్ వల్ల ఏమీ ఎక్కించని ఎలుక కడుపు కూడా కెమెరాలో ఎర్రగా మెరుస్తుంది, అందుకే ఇమేజింగ్‌కి కొన్ని రోజుల ముందే గడ్డి లేని మేతకి మార్చేవాళ్లం. రొయ్య పిల్లల దగ్గర ఈ తంటా ఇంకా ఎక్కువ. హ్యాచరీలో వాటికి కీటోసెరస్ లాంటి ఆల్గే పెడతారు, క్లోరోఫిల్ వెలిగేది 680 నానోమీటర్ల దగ్గర, అంటే మీరు కొనబోయే ఎరుపు డాట్స్ పక్కనే! పైగా యూవీ వేస్తే పెంకు కూడా తనవంతు నీలంగా వెలుగుతుంది. కాబట్టి కణాలు ఇవ్వని రొయ్యని, అదే చెరువుది, అదే మేత తిన్నదాన్ని, పక్కనే పెట్టి అదే ఎక్స్‌పోజర్‌తో ఫోటో తీయండి. పేగు ఖాళీ అయ్యేదాకా మేత ఆపి తీస్తే ఇంకా మంచిది. ఈ జత ఫోటో లేకపోతే నేనైతే ఆ రిజల్ట్ వైపు చూడను.

2023లో బావెండి, బ్రస్, ఎకిమోవ్‌లకి కెమిస్ట్రీ నోబెల్ వచ్చాక అందరికీ క్వాంటం డాట్స్ మీద మోజు పెరిగింది. సైజు మారిస్తే రంగు మారుతుంది, నిజంగానే అందమైన విషయం. కానీ పేపర్లలో ఎలుకల కోసం రాసిన లెక్కలు రొయ్యకి యథాతథంగా దించుకోకండి. ఫోన్ టార్చి మీద వేలు పెట్టి చూడండి, ఎరుపొక్కటే బయటికొస్తుంది, మిగతా రంగుల్ని ఎక్కువగా హిమోగ్లోబిన్ మింగేస్తుంది. అందుకే ఎలుకల్లో 650 నుంచి 900 నానోమీటర్ల మధ్య పనిచేస్తారు, డబ్బున్న ల్యాబులైతే 1000 దాటి వెళ్తాయి, అక్కడ కాంతి తక్కువగా చెదురుతుంది గానీ మామూలు సిలికాన్ కెమెరాకి కనపడదు. రొయ్య రక్తంలో హిమోగ్లోబిన్ లేదు, రాగి ఉన్న హిమోసయనిన్ ఉంటుంది, పిల్ల పారదర్శకంగా కూడా ఉంటుంది, కాబట్టి ఖరీదైన ఇన్‌ఫ్రారెడ్ సరంజామా లేకుండానే మామూలు ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపుతో పని జరుగుతుంది. శీలావతి లాంటి పొలుసు చేపకైతే ఈ సులువు ఉండదు.

సైజు సంగతీ అంతే. సుమారు 5.5 నానోమీటర్ల కంటే చిన్న కణాలు ఎలుకలో మూత్రంతో పోతాయి, పెద్దవి లివర్‌లో, ప్లీహంలో చిక్కుకుంటాయి. రొయ్యకి మనలాంటి కిడ్నీ లేదు, మీరు ముందు చూడాల్సింది హెపటోపాంక్రియాస్, అంటే రొయ్యలో లివర్, పాంక్రియాస్ పనులు రెండూ చేసే అవయవం.

ఇంకోటి, ఉప్పు. కేవలం విద్యుత్ చార్జ్ వల్ల ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడివిడిగా నిలబడే కణాలు ఉప్పు తగలగానే ముద్దకడతాయి. డిస్టిల్డ్ వాటర్‌లో చక్కగా ఉన్నాయని మురిసిపోకండి, మీ చెరువు సెలినిటీ ఉన్న నీళ్లలో ఓ రాత్రి ఉంచి అడుగున పేరుకుంటున్నాయేమో చూడండి. పెగ్ (పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పాలిమర్) పూత ఉన్నవైతే చాలావరకు తట్టుకుంటాయి.

విషపు లోహమైన క్యాడ్మియంతో చేసిన డాట్స్ అయితే జింక్ సల్ఫైడ్ పొర ఉన్నవే తీసుకోండి, అప్పుడు కూడా వాడిన నీళ్లు సింకులో పోయొద్దు, మన దగ్గర సింకు నీళ్లు చివరికి ఏ డ్రెయిన్‌లో తేలతాయో మీకు తెలుసు. విడిగా సీసాలో పట్టి ప్రమాదకర వ్యర్థాల కింద ఇవ్వాలి. కార్బన్ డాట్స్ చవక, క్యాడ్మియం టెన్షన్ లేదు, కానీ ఎక్కువ భాగం నీలం, ఆకుపచ్చల్లో వెలుగుతాయి, ఒంటి సొంత మెరుపు కూడా అక్కడే ఎక్కువ.

చివర్లో కొన్ని రొయ్యల్ని కోసి హెపటోపాంక్రియాస్, పేగు, కండ విడివిడిగా తీసి ఐసీపీ ఎంఎస్‌లో (లోహాలు ఎంతున్నాయో కొలిచే మెషీన్) క్యాడ్మియం కొలిపించండి. ఆ అంకెలు ఫోటోతో కలిస్తే కణాలు ఎక్కడున్నాయో ఖాయం. మందు వాటినే అంటిపెట్టుకుని ఉందా, మధ్యలో ఊడిపోయిందా అన్నది మాత్రం మందుని విడిగా కొలిస్తేనే తెలుస్తుంది.

మీ మైక్రోస్కోపులో ఏ ఫిల్టర్లు ఉన్నాయో రాయండి, దాన్నిబట్టి ఏ రంగు కొనాలో చెబుతాను.