నాణేన్ని మాత్రం తోమకు

చిట్టితల్లీ,

శాతవాహనుల నాణేలు సేకరిస్తానంటున్నావని మీ అమ్మ చెప్పింది. గుండె పొంగింది, వెంటనే భయమూ పట్టుకుంది. రాత్రంతా నిద్ర లేదు.

రసీదు లేనిదే కొనకు. పొలంలో దొరికిందని ఎవరైనా తెచ్చి ఇస్తే చేయి చాచకు. 10 రూపాయల విలువ దాటిన నిక్షేపం ఏదైనా కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం ఉంది. సీసపు నాణెం ముట్టుకున్నాక చేతులు కడుక్కో, సీసం విషం. ఇది మరిచిపోయావంటే ఊరుకోను.

నాకు 20 ఏళ్లప్పుడు మా నాన్నగారి పెట్టెలో ఒక సీసపు నాణెం కనిపించింది. దాని మీద తెల్లటి పొర ఉంటే, ఇత్తడి చెంబును తోమినట్టు చింతపండూ బూడిదా వేసి తోమాను. గోటితో గీసినా గీత పడే లోహం తల్లీ అది! తళతళలాడింది. అంచున ఉన్న బ్రాహ్మీ అక్షరాల్లో మాత్రం 'పుతస' అన్న మూడే మిగిలాయి. గోతమిపుత, వాసిఠిపుత అంటూ ఆ రాజులు తమ పేరుకు ముందు తల్లి పేరు వేయించుకున్నారు కదా. కొడుకన్న మాట మిగిలింది, ఏ తల్లి కొడుకో పోయింది. నాన్నగారు నన్ను ఒక్క మాటా అనలేదు. నాణెం అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ పెట్టెలో పెట్టేశారు.

1906లో నాసిక్ దగ్గర జోగల్తంబిలో 13 వేలకు పైగా వెండి నాణేలు బయటపడ్డాయి. అన్నీ శక పాలకుడైన క్షత్రప నహపాణుడివే. అతణ్ని గెలిచిన శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి వాటిని కరిగించలేదు. మూడింట రెండు వంతుల నాణేల మీద తన చైత్యం గుర్తు (కొండలా పేర్చిన వంపులు), ఉజ్జయిని గుర్తు (కూడిక గుర్తు కొసల్లో నాలుగు వలయాలు) కొట్టించాడు. సంతలో నాణెం చేతికి అందిన ప్రతివాడికీ రాజు మారాడని తెలిసిపోవాలి. అయినా ఆ ముద్రల కింద నహపాణుడి ముఖం ఛాయగా ఇంకా కనిపిస్తుంది. పగబట్టి గెలిచిన రాజు కూడా అంత మిగిల్చాడు. నేను అభిమానంతో చెరిపేశాను.

అందుకే చెబుతున్నాను, మురికిగా ఉన్నా సరే, తోమకు. చెక్కపెట్టెలోనూ అట్టపెట్టెలోనూ సీసం దాచకు, వాటి ఆవిరికి తెల్లగా పొడి అయిపోతుంది.

శాతవాహన రాజు యజ్ఞశ్రీ వేయించిన ఓడ బొమ్మ నాణెం ఎప్పుడైనా దొరికితే ముందు నాకే చూపించు బంగారూ. చూపు తగ్గుతోంది, ఆ ఓడ మీది రెండు తెరచాప కొయ్యలనూ ఒకసారి చూడాలని ఉంది.

మీ పెద్దమ్మ