పోపులో ఉన్న పొగ

సందేహం: గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక పాఠకురాలు ఇలా రాశారు. "మా అపార్టుమెంటు మహిళలం కలిసి వంటల పుస్తకం వేస్తున్నాము. టెక్సాస్‌లో ఉంటున్న మా అబ్బాయి దగ్గర నేర్చుకున్న వంటకం ఒకటి నేను రాసిచ్చాను. టమాటా గుజ్జు, వెనిగర్, బెల్లం, ఉల్లి, వెల్లుల్లి, ఆవపొడి, మన మిరపకారం, అరకప్పు విస్కీ కలిపి అరగంట సన్నని సెగ మీద మరిగించి, దించిన తరువాత మధ్యలో చిన్న గిన్నె పెట్టి, అందులో నిప్పుకణిక వేసి, దాని మీద నెయ్యి చుక్క వదిలి మూత పెడతాను. దీనివల్ల స్మోకీ ఫ్లేవర్ యాడ్ అవుతుంది. 'విస్కీతో ఇంట్లో పొగబెట్టిన బార్బెక్యూ సాస్' అని శీర్షిక పెడితే మా చెల్లెలు చూసి, 'ఎవరిని పొమ్మనలేక పెట్టావే ఈ పొగ?' అని నవ్వింది. పొగబెట్టిన అనడం తప్పా? సాస్‌ను పచ్చడి అనవచ్చా? విస్కీని సారా అనవచ్చా? శీర్షికలో విస్కీ అన్న మాటే వద్దని కొందరు అంటున్నారు. మరిగితే ఎలాగూ ఆవిరైపోతుంది కనుక ఆ మాట తీసివేయవచ్చా?"

సమాధానం: అమ్మా, మీ చెల్లెలుగారి చెవి మంచిది. అయితే ఆమె నవ్వవలసినది 'పొగబెట్టిన' చూసి కాదు, 'స్మోకీ ఫ్లేవర్ యాడ్ అవుతుంది' అన్న వాక్యం చూసి. ఉప్పు వేస్తాము, కారం చల్లుతాము, నెయ్యి వడ్డిస్తాము, పులుసు పోస్తాము, పెరుగు కలుపుతాము. పదార్థానికొక క్రియ చొప్పున ఇన్ని క్రియలను మన వంటింటి ఆడవారు కట్టబెట్టి పోతే, టీవీ వంటల పుణ్యమా అని వాటన్నింటినీ పక్కకు నెట్టి 'యాడ్ చేయడం' ఒక్కదానితో సంసారం వెళ్ళబుచ్చుతున్నాము. వాసన యాడ్ కాదు, పడుతుంది. గుడ్డకు రంగు పట్టినట్టు, ముక్కకు ఉప్పు పట్టినట్టు, సాస్‌కు పొగవాసన పడుతుంది. పుస్తకం ఇంకా అచ్చుకు వెళ్ళకపోతే ఆ వాక్యం ముందు మార్చండి.

ఇక పొగ సంగతి. తెలుగువాడి వంటింట్లో పొగ మామూలుగా నేరమే. కట్టెల పొయ్యి మీద పాలు కాస్తూ ఏమరితే పాలు పొగవాసన వేస్తాయి, గోడలు పొగచూరుతాయి, ఈ మాటలలో ఎక్కడా మెచ్చుకోలు లేదు. 'పొగబెట్టు' అన్నదానికి ఇంకా చెడ్డపేరు వచ్చింది. కృష్ణా, గుంటూరు మాగాణుల్లో వరి చేలగట్ల మీద ఎలుక కన్నాలకు కుండతో పొగపెట్టి, ఊపిరాడక బయటికి వచ్చిన ఎలుకను పట్టేవారు. కొలువులోనో కాపురంలోనో మనిషికి అదే గతి పట్టించడాన్ని 'పొమ్మనలేక పొగబెట్టడం' అన్నారు. మీ చెల్లెలు విన్నది ఈ అర్థమే. కానీ ఆమెకు పూర్తిగా గెలుపు ఇవ్వడానికి లేదు, ఎందుకంటే అరటి గెలలను మగ్గవేసేటప్పుడు కూడా పొగబెట్టడమనే అంటారు, అక్కడ ఎవరినీ తరమడం లేదు, పచ్చికాయను పండు చేయడమే ఉంది. ఆమె ఎలుకను తలచుకున్నారు, మీరు అరటిగెలను తలచుకున్నారు. ఇద్దరి మాటా తెలుగే.

అయినా మంచి వాసన కోసం వేసే పొగకు వేరే క్రియ ఉంది. మా అమ్మమ్మది తెనాలి దగ్గర పల్లెటూరు. వేసవిలో ఆవకాయ పెట్టడానికి ముందురోజు జాడీలు కడిగి, ఎండబెట్టి, తుడిచి, పిడకనిప్పు ఒకటి మూకుడులో వేసి, దాని మీద చిటికెడు ఇంగువ పొడి చల్లి, వెంటనే జాడీ బోర్లించేది. అంచు కింద ఎక్కడో గచ్చు ఎగుడుదిగుడుగా ఉన్న చోటు నుంచి నీలిరంగు పొగ సన్నని దారంలా పాకి వచ్చేది. 'ఆ రెండోదానికి కూడా పొగ వెయ్యండిరా' అని మమ్మల్ని పురమాయించేది. అదే అమ్మమ్మ గాదె కింద కన్నం కనిపిస్తే 'పొగబెట్టించండి' అనేది. పసిబిడ్డకు తలంటి పోసి సాంబ్రాణి పొగ వేస్తామే తప్ప సాంబ్రాణి పొగబెట్టము. అదీ తేడా. వ్యాకరణం చెప్పే తేడా కాదిది, వాడుక నేర్పినది.

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే మీ ప్రశ్నకు సమాధానం అయినట్టే. కానీ మీరు నన్ను పొగ గురించి అడిగారు కనుక, ఎన్నేళ్ళుగానో ఎవరైనా అడిగితే బాగుండునని దాచుకున్న మాట ఒకటి చెప్పనివ్వండి.

రాయలవారి ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసంలో, గోదాదేవిని పెంచిన విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువుకొక తీరున పెట్టే భోజనాల పద్యాలు మూడున్నాయి. నింగి నీటిబుగ్గ అయినట్టు జడివాన పట్టిన రోజుల్లో ఆయన ఇంట వడ్డించేవి: వరి అన్నం, పొట్టు తీసిన పప్పు, 'నాలుగేన్ బొగపిన కూరలున్', వడియాలు, వరుగులు, పెరుగు. వీటన్నింటి మీద ధారగా నెయ్యి. 'ఏను' అంటే ఐదు, నాలుగైదు కూరలన్నమాట. ఎటువంటి కూరలు? పొగపిన కూరలు. నిఘంటువులు 'పొగపు' అంటే తాలింపు పెట్టు అని అర్థం చెప్పి ఊరుకుంటాయి. చదివేవారు కూడా ఓహో తాలింపు కూరలే కదా అని తరువాతి పద్యానికి వెళ్ళిపోతారు. ఆగి చూడవలసిన చోటు అదే. కలయు, కలపు, తెలియు, తెలుపు. ఈ వరుసలోనే పొగయు, పొగపు. తానే పొగలు కక్కడం పొగయడం. పొగలు కక్కేటట్టు చేయడం పొగపడం. కాగిన నేతిలో ఆవాలు చిటపటలాడి, మెంతులు ఎర్రబడి, ఎండుమిరపకాయ నల్లబడే ముందు లేచే ఆ ఒక్క గుప్పెడు పొగను, అది గాలిలో కలిసిపోయేలోగా కూరలో మునిగేటట్టు చేయడమే పొగపడం. నూనె కాదు, గింజ కాదు, ఆ పొగే అసలు ఉద్దేశమని మాటే చెబుతున్నది. తాలింపు వేసిన వెంటనే మీ తల్లిగారు ఠక్కున మూత ఎందుకు పెట్టేవారో ఒకసారి గుర్తు చేసుకోండి.

ఇప్పుడింకొక అడుగు. మొగము మోము అయినట్టే, మధ్యలోని గకారం జారిపోయి ముందు అచ్చు దీర్ఘమై, పొగపు 'పోపు' అయింది. పోపు పెట్టడం, పోపుల పెట్టె, అన్నీ ఈ పొగ పిల్లలే. గుంటూరు సీమలో మనం తాలింపు అనే మాటనే ఎక్కువగా పట్టుకున్నాము కనుక పోపు మనకు పక్కవారి మాటలా వినిపించి, అందులోని పొగ మనకు కనిపించకుండా పోయింది. తిరగమోత సంగతి మరొకసారి. పొగులు, అంటే లోలోపల దుఃఖించడం, అదీ ఈ కుదురులోదే. మంట పైకి కనబడని బాధకు అంతకంటే సరైన పేరు ఎవరు పెట్టగలరు? పొగాకు బోర్డు కొలువున్న ఊరివారు మీరు, పొగ ఎన్ని విధాలుగా విలువైనదో మీకు నేను చెప్పనక్కరలేదు.

రాయలవారి చలికాలపు పద్యం కూడా మీకు పనికివచ్చేదే. అందులో కూరలు ఇంకా చుయ్యిమనడం మానలేదు. ముక్కుకు మందులా పైకెక్కే ఆవఘాటుతో పచ్చళ్ళున్నాయి. మీ సాస్‌లో మీరు వేసిన ఆవపొడి టెక్సాస్ నుంచి రానక్కరలేదన్న మాట. అయిదు వందల ఏళ్ళ కింద విష్ణుచిత్తుడి విస్తట్లోనే ఉంది. అమెరికాలోనూ దక్షిణ కరొలైనావారు తమ బార్బెక్యూ సాస్‌ను ఆవతోనే చేస్తారు. ఉత్తర కరొలైనా తూర్పు భాగంవారికి వెనిగర్, మిరప ఉంటే చాలు. కాన్సస్ సిటీవారిది మీరు చేసినట్టు టమాటా, తీపి కలిసిన చిక్కని రకం. ఈ కావ్యం గురించి నేను కొంచెం ఎక్కువ మాట్లాడుతున్నాననుకుంటే, నేనుండేది విజయవాడ అని గుర్తుంచుకోండి. కళింగ దండయాత్రకు పోతూ కొన్నాళ్ళు విజయవాటిలో విడిది చేసి, అక్కడి నుంచి కృష్ణా జిల్లా శ్రీకాకుళంలోని ఆంధ్రవిష్ణువును సేవించడానికి వెళ్ళానని రాయలవారే అవతారికలో చెప్పుకున్నారు. మా ఊళ్ళో తిన్న తాలింపే ఆ పద్యంలోకి ఎక్కిందని నేను అనను; అంటే కాదనే ఆధారం కూడా ఎవరి దగ్గరా ఉండదు.

బార్బెక్యూ అన్న మాటను తెలుగు చేయమని మీరు అడగలేదు, సంతోషం. అది కరీబియన్ దీవులలోని టైనో జనుల మాట. స్పానిష్‌వారి నోట బార్బకోవా అయి ఇంగ్లీషులోకి వచ్చింది. మొదట దాని అర్థం మాంసమూ కాదు, వంటా కాదు, కట్టెలతో కట్టిన చట్రం. విలియం డాంపియర్ అనే నావికుడు 1697లో అచ్చయిన తన యాత్రాగ్రంథంలో, నేలకు మూడడుగుల ఎత్తున కట్టెలతో కట్టిన బార్బెక్యూల మీద రాత్రి పడుకున్నామని రాశాడు. అంటే మన జొన్నచేలో మంచె. పడుకుంటే మంచె, కింద నిప్పు వేసి పైన మాంసం పరిస్తే పొయ్యి. 'దగ్ధమాంసలేహ్యం' వంటి పేర్లు పుట్టించి పత్రికలకు పంపే ఉత్సాహవంతులు కొందరున్నారు. వారి కంటే టెక్సాస్ మాటే మేలు. బార్బెక్యూ అలాగే ఉండనివ్వండి.

సాస్‌ను పచ్చడి అనవచ్చా అంటే, అనకుండా ఉంటేనే బాగుంటుంది. నూరడమో దంచడమో లేనిదే మనకు పచ్చడి మనసుకు ఎక్కదు. మీది మరిగి చిక్కబడినది, పులుపూ తీపీ కలిసినది, కనుక బెల్లం వేసిన పులుసుకు దగ్గరి చుట్టం. అయితే పులుసు అన్నంలోకి, మీ సాస్ ముక్కల మీద పూయడానికి. సాస్ అనే మాట లాటిన్‌లో ఉప్పు వేసినది అన్న అర్థం నుంచి వచ్చింది, మనకు ఇప్పుడు బాగా అలవాటైన మాట, ఉంచండి. ఒక్కటి మాత్రం చెప్పకుండా ఉండలేను. ఈ రకం సాస్‌లలో చాలామంది పోసే వూస్టర్ సాస్ అనే సీసా సరుకులో చింతపండు ఉంటుంది. పల్నాటిలో జొన్నకూడు మింగలేక శ్రీనాథుడు ఆ కృష్ణుడినే సవాలు చేసి, 'తింత్రిణీ పల్లవ యుక్తమౌ నుడుకు బచ్చలి శాకము' పెట్టుకుని ఒక్క ముద్ద మింగి చూడమన్నాడు కదా. ఆ తింత్రిణి, అంటే మన చింత, ఇంగ్లండు వెళ్ళి సీసాలో దిగి, అమెరికా మీదుగా బ్రాడీపేట చేరింది. మీరు ఆ సీసా కొనకుండా నాలుగు చుక్కల చింతపండు గుజ్జు వేసినా పెద్ద తేడా రాదని నా అనుమానం, వంట నాకు రాదు కనుక పట్టుబట్టను.

సారా అనకండి. ఆ మాటకు మన నేలలో చెట్టు కింద కాచే కుండ, 1990ల మొదట్లో ఆడవారు నెల్లూరు జిల్లాలో మొదలుపెట్టిన ఉద్యమం, ఇంత చరిత్ర అంటుకొని ఉంది. విస్కీ వేరు. ధాన్యం నానబెట్టి, పులియబెట్టి, బట్టీలో కాచి, ఓక్ చెక్క పీపాలలో ఏళ్ళ తరబడి నిలవ ఉంచేది. అమెరికా బోర్బన్ అయితే కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, లోపలి గోడ మాడ్చిన కొత్త పీపాలోనే పెట్టాలి. కొన్ని స్కాచ్ రకాలకైతే బార్లీ మొలకలను పీట్ మట్టి పొగ మీద ఆరబెడతారు. పొగపిన బార్లీ అనవచ్చు! ఆ మాట పుట్టుక గేలిక్ భాషలో 'జీవజలం' అన్న అర్థం. ఇంగ్లీషులో రాసేటప్పుడు ఐర్లాండువారు, అమెరికావారు చివరి అక్షరానికి ముందు ఒక 'ఇ' (e) ఎక్కువ రాస్తారు, స్కాట్లాండువారు రాయరు, ఆ తగవు వారి మధ్య ఇంకా తెమలలేదు. తెలుగులో ఎటు రాసినా విస్కీయే.

శీర్షికలో నుంచి ఆ మాట తీసివేయడం మాత్రం కూడదు. మద్యసారం 78 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, నీరు 100 దగ్గర మరుగుతుంది, కనుక అదంతా ముందే పోతుందని అందరూ అనుకుంటారు; కానీ నీటిలో కలిసిన మద్యసారం అంత తేలికగా విడివడదు. అరగంట సన్నగా మరిగిన తరువాత కూడా పోసినదానిలో మూడో వంతుకు పైగా మిగులుతుందని అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలు చెబుతున్నాయి. మీ పుస్తకం చూసి వండేవారిలో విస్కీ ముట్టనివారు, పసిపిల్లల తల్లులు ఉంటారు. 'ఆవిరైపోతుంది' అని మీరు రాసిన వాక్యాన్ని 'కొంత ఆవిరవుతుంది' అని దిద్దండి. విస్కీ పోసేటప్పుడు పొయ్యి ఆపమనీ, నిప్పుకణిక పని సాస్ చల్లారిన తరువాతే పెట్టుకోమనీ ఒక వాక్యం చేర్చండి.

శీర్షిక నన్ను పెట్టమంటే 'విస్కీ కలిపి పొగపిన బార్బెక్యూ సాస్' అంటాను. కానీ అపార్టుమెంటులో ఎంతమందికి అర్థమవుతుందో, ఎంతమంది అచ్చుతప్పు అనుకుంటారో మీకే తెలియాలి. భయమనిపిస్తే 'పొగ వేసిన' అని రాసుకోండి, ఎవరూ నవ్వరు. 'పొగబెట్టిన' అనే ఉంచుతానంటే అరటిగెల సాక్ష్యం మీ పక్షాన ఉంది, మీ చెల్లెలికి చూపించండి.