మిద్దె మీద సోమవారం ఫోన్

ప్రశ్న: మాది కడప. మా ఆయనకు అంగడి ఉంది. ఒక్కడే కొడుకు, ఇరవై రెండేళ్లు. హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతూ మోర్మన్ చర్చిలో, అదే అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖలో, చేరాడు. చదువు అయ్యాక రెండేళ్లు మిషనరీగా పనిచేస్తానని ఢిల్లీ వైపు వెళ్లాడు. ఎనిమిది నెలలైంది. వారానికి ఒక్కసారే, సోమవారం, ఫోన్ చేస్తాడు. పోయిన వారం ఏడ్చాడు. ‘రమ్మన్నవాళ్లే వెళ్లేసరికి తలుపు తీయరమ్మా. నాతో ఉండేవాడితో పడటం లేదు. ప్రార్థన చేసినా ఎవరూ వింటున్నట్టు లేదు’ అన్నాడు. ఈ సంగతి తెలిస్తే వాళ్ల నాయన రేపే రైలెక్కుతాడు. ఆయనకు తెలియకుండా మిద్దె మీదికి పోయి మాట్లాడుతున్నా. ఇంటికి వచ్చేయమని చెప్పనా?

జవాబు: చెప్పొద్దమ్మా. ఉండమని కూడా చెప్పొద్దు.

వాడి రోజు ఎలా గడుస్తుందో ఒకసారి చూడండి. పొద్దున ఆరున్నరకల్లా లేవాలి. ప్రార్థన, చదువు అయ్యాక తెల్ల చొక్కా, టై, జేబు మీద పేరున్న నల్ల బ్యాడ్జి. రాత్రి పదిన్నరకు పడుకునేదాకా పక్కన కంపానియన్, అంటే జోడీగా వేసిన తోటి మిషనరీ, ఉండాల్సిందే. బజారుకైనా ఇద్దరూ కలిసే వెళ్లాలి. ఒకళ్లనొకళ్లు ‘ఎల్డర్’ అని పిలుచుకుంటారు, అంటే పెద్ద అని. మీ పిల్లవాణ్ణి ఎవరైనా పెద్దా అని పిలుస్తుంటే మీకు నవ్వొస్తుందేమో గానీ, ఆ పెద్దరికంలో ఒంటరిగా ఏడవడానికి చోటు లేదు. ఆ చోటు మీ ఫోనే. ఏడ్చాడంటే ఇంటికి వస్తానన్నట్టు కాదు, అమ్మ దగ్గర బరువు దించుకున్నాడు. వెంటనే ‘వచ్చేయ్ నాయనా’ అన్నారనుకోండి, వచ్చే సోమవారం ‘బాగున్నానమ్మా’ అని రెండు ముక్కలతో పెట్టేస్తాడు. వారానికోసారి దొరికే ఆ కాస్త మాట కూడా పోతుంది. 2019 ఫిబ్రవరికి ముందైతే మిషనరీలు ఇంటికి ఏడాదికి రెండుసార్లే ఫోన్ చేసేవాళ్లు, క్రిస్మస్‌కూ మదర్స్ డేకూ. ఆ లెక్కన మీరు అదృష్టవంతులే.

కాబట్టి అడగాల్సినవి చిన్నవి. పొద్దున ఏం వండుకున్నారు? చొక్కా కాలర్ మురికి ఎలా వదిలిస్తున్నావు? తోటివాడితో పేచీ దేని మీద? తీరా చూస్తే అది కూరలో కారం దగ్గరో, బాత్రూంలో ఎవరు ఎంతసేపు అనే దగ్గరో ఉంటుంది. అనంతపురం హాస్టల్లో నా రూమ్మేట్ నాలుగింటికి అలారం పెట్టేది, నేను లేచేదాన్ని, తను లేచేది కాదు. ఆ కోపం నాకు ఇంకా పోలేదు. వాళ్లలో జోడీలు కొన్ని వారాలకోసారి మారుతుంటాయి, ఇది రెండేళ్ల కష్టం కాదు. ఈలోపు సంగటి కెలకడం నేర్పమనండి అతనికి.

ప్రార్థన విషయం మాత్రం జాగ్రత్త. నమ్మకం సడలింది, ఇక మనవైపు వస్తాడు అని మీ మనసులో ఒక మూల ఆశ పుట్టి ఉంటుంది. పుట్టడం తప్పు కాదు, మాటల్లోకి రానీయకండి. దేవుడు పలకడం లేదని మీకూ అనిపించిన రోజులు ఉంటాయి కదా? ఆ రోజు దీపం పెట్టడం మానేశారా, తిట్టుకుంటూ పెట్టారా? అదే చెప్పండి వాడికి. వాళ్ల చర్చిలోనూ నెలలో మొదటి ఆదివారం రెండు పూటలు పస్తుంటారు. ఒక్కపొద్దున్న రోజు మధ్యాహ్నం నీరసం ఎలా ఉంటుందో ఇద్దరూ మాట్లాడుకోవచ్చు. మతం గురించి వాదన అక్కర్లేదు.

ఇక మీ ఆయన. నాకు మీ ఉత్తరంలో ఎక్కువ దిగులు కలిగించింది ఈ మిద్దె సంగతే. ఉగాదినాడు దేవుని కడపలో ముస్లింలు వరసలో నిలబడి కడప రాయుడి, అంటే వెంకటేశ్వరస్వామి, దర్శనం చేసుకునే ఊరు మనది. అయినా సొంత కొడుకు దారి మారితే ఆ ఊరి గొప్పతనం ఎవరికీ గుర్తురాదు. ఇంటికొచ్చిన కొడుకు టీ, కాఫీ ముట్టనంటే జేజి (నాయనమ్మ) ముఖం చిన్నబోయి ఉంటుంది, ఆయన కోపంలో అదీ కలిసే ఉంటుంది. ఆయనకు ఒక్క విషయం చెప్పండి. కొత్తగా చేరినవాళ్లను ఏడాదైనా గడవనిదే మిషన్‌కు పంపరు. వీడు రాత్రికి రాత్రి లేచిపోలేదు, ఆలోచించుకునే వెళ్లాడు. వెళ్లింది స్వచ్ఛందంగా, ఎప్పుడు కావాలంటే అప్పుడు తిరిగి రావచ్చు. రైలెక్కి లాక్కురావాల్సిన అవసరం లేదు.

ఒక్కటి గమనిస్తూ ఉండండి. నిద్ర లేదు, తిండి సయించడం లేదు అని వరసగా రెండు వారాలు అన్నా, ‘నేనుండి ఏం లాభం’ లాంటి మాట ఒక్కసారి అన్నా సోమవారం కోసం ఆగొద్దు. అక్కడి మిషనరీలందరినీ చూసుకునే మిషన్ ప్రెసిడెంట్ నంబరు ఇప్పుడే అడిగి క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి. వెంటనే ఫోన్ చేసి డాక్టరుకు చూపించమనండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఎక్కడినుంచైనా చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. అలా మధ్యలో తిరిగి వస్తే గడపలోనే ‘నేను చెప్పానా’ అనొద్దు, మీరూ ఆయనా.

వచ్చే సోమవారం ఫోన్ మిద్దె మీద కాదు, వసారాలో మాట్లాడండి. స్పీకర్ పెట్టండి, పెట్టానని వాడికి ముందే చెప్పండి. ఆయన లేచి బయటికి పోతే పోనివ్వండి. తలుపు మాత్రం వేయకండి.