ఎన్‌జీసీ 5548 బ్లాక్ హోల్ ద్రవ్యరాశి: ఆ ఐదున్నర రెట్లు ఎక్కడ చేరాయంటే

ఎన్‌జీసీ 5548 గెలాక్సీ కేంద్రంలోని బ్లాక్ హోల్ ద్రవ్యరాశికి మీరు వేసిన లెక్క మొత్తం మళ్లీ వేసి చూశాను. హైడ్రోజన్ బీటా రేఖకు (బ్లాక్ హోల్ చుట్టూ తిరిగే హైడ్రోజన్ వాయువు వెలువరించే ఒక రంగు కాంతి) 20 రోజుల ఆలస్యం (కేంద్రం ప్రకాశం మారాక ఆ రేఖ మారడానికి పట్టే సమయం), వాయువు వేగాన్ని చూపే వెడల్పు సెకనుకు 4,700 కి.మీ., గుణకం 4.3 పెడితే సూర్యుడికి 37 కోట్ల రెట్లు వస్తోందని, పేపర్లలో మాత్రం ఆరున్నర కోట్ల దగ్గరే ఉందని రాశారు. టెన్షన్ పడకండి, మీ ఫార్ములా (గుణకం × కాంతి వేగం × ఆలస్యం × వెడల్పు వర్గం ÷ గురుత్వ స్థిరాంకం) కరెక్టే. తేడా వచ్చింది వెడల్పు దగ్గర.

మీరు కొలిచింది రేఖ సగం ఎత్తులో ఉండే వెడల్పు. 4.3 గుణకమేమో సిగ్మాతో, అంటే రేఖ ఆకారపు ప్రామాణిక విచలనంతో, వాడాల్సింది. గంట ఆకారపు రేఖకైతే మొదటిది రెండోదానికి 2.35 రెట్లు. ఫార్ములాలో వేగానికి వర్గం ఉంది కదా, అక్కడే తప్పు ఐదున్నర రెట్లయింది. 4,700ని 2.35తో భాగిస్తే 2,000. దాంతో వేయండి, 6.7 కోట్లు వస్తుంది.

అలాగని ప్రతిసారీ 2.35తో భాగించేయకండి. ఈ గెలాక్సీలో ఆ రేఖ చక్కని గంటలా ఉండదు, ఒక్కోసారి రెండు శిఖరాలతో కనిపిస్తుంది. రేఖలో దూరపు వాయువు నుంచి వచ్చే సన్నని భాగాన్ని తీసేసి, కాలంతో మారే భాగం నుంచి సిగ్మాను నేరుగా కొలవడమే మేలు.

ఆలస్యం, వెడల్పు రెండూ ఒకే పరిశీలన సీజన్‌వి తీసుకోండి. కేంద్రం ప్రకాశం పెరిగితే రేఖ వెలువడే ప్రాంతం దూరం జరుగుతుంది, రేఖ సన్నబడుతుంది. ఒక ఏడాది ఆలస్యానికి ఇంకో ఏడాది వెడల్పు జోడిస్తే లెక్క చెడిపోతుంది. రెడ్‌షిఫ్ట్ (గెలాక్సీ దూరం జరగడం వల్ల దాని కాంతి తరంగం సాగడం) 0.017 మాత్రమే, ఆలస్యం మీద దాని ప్రభావం రెండు శాతం లోపే. 4.3 అనేది చాలా గెలాక్సీల సగటు, విడిగా ఒక్కదానికి రెండు మూడు రెట్లు అటూ ఇటూ ఉండొచ్చు.